కబ్ద్‌లో పండిన రామములక్కాయలు

మొన్నొక సాయంత్రం కువైట్‌లో, సాల్మియాలో మా వీధి చివరి సూపర్ మార్కెట్లో కూరగాయలు ఏరుకుంటుంటే, మా అమ్మాయి చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చి ట్రాలీలో వేసింది. గోలీకాయలంత ఎర్రటి టమాటాలు, తొడిమలు ఊడకుండా గుత్తిగా ఉన్నాయి. చెర్రీ టమాటాలంది. మూత తీశాను గానీ పండు ముట్టుకోలేదు. పచ్చటి కాడను రెండు వేళ్ళతో నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

ఆ వాసన పండుది కాదు, మొక్క ఒంటి మీది నూగుది. కాస్త ఘాటుగా, కాస్త చేదుగా ఉంటుంది. చేతికి అంటుకుంటే సబ్బుతో రుద్దినా ఓ పట్టాన వదలదు. ఆ వాసనతో నాకు ఖైతాన్‌లో మేమున్న పాత మేడ గుర్తొస్తుంది. మా అమ్మ నాన్నతో మాట్లాడడం మానేసిన చలికాలం గుర్తొస్తుంది.

అప్పటికి నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. తమ్ముడు అప్పుడప్పుడే బడికి అలవాటు పడుతున్నాడు. మేడ కింద ఒక పక్క కారు సీట్లు కుట్టే కొట్టు, ఇంకో పక్క ఖుబ్బూస్ రొట్టెలు కాల్చే ఇరానీవాళ్ళ పొయ్యి. రొట్టెలు కొనడానికి మమ్మల్ని పంపేవారు. మెట్లెక్కుతూనే వేడి వేడి రొట్టె అంచులు తుంచుకు తినేసి, ఇంట్లోకి వెళ్ళేసరికి నడిమి భాగాలు మాత్రం మిగిల్చేవాళ్ళం. అమ్మ వాటిని చూసి, ఎలకలు పైకెక్కడం కూడా నేర్చాయని నవ్వేది. మెట్ల మీద ఒక అంతస్తులో కొబ్బరినూనె వాసన, ఇంకో అంతస్తులో వెల్లుల్లి వేయించిన వాసన వచ్చేవి. మా గుమ్మం దగ్గరకొచ్చేసరికి కరివేపాకు పోపు, దాని వెనకాల అమ్మ కుట్టుమిషను నూనె.

నాన్న అదే వీధిలో రంగుల డబ్బాలమ్మే కొట్లో పనిచేసేవాడు. ఇద్దరిదీ కోనసీమే. అమ్మది గోదావరి మధ్యలో ఉండే లంక ఊరు. తండ్రి చిన్నప్పుడే పోతే ఆ ఒక్క కూతుర్నీ అమ్మమ్మ పెంచింది.

ఎండలు తగ్గి ఏసీలు ఆపేసే రోజుల్లో ఒక మధ్యాహ్నం నాన్న వేళ కాని వేళ ఇంటికొచ్చాడు. కొట్టుకి ఫోనొచ్చిందట. అమ్మమ్మ పోయింది. అమ్మ మిషను తొక్కడం ఆపి, ఎప్పుడు బయల్దేరొచ్చని మాత్రం అడిగింది. నాన్న గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. కొట్టు యజమాని, మా వీసాలకి పూచీగా ఉన్న కఫీల్, ఆ వేసవిలోనే చనిపోయాడు. కొడుకులు కొట్టు అమ్మేశారు. కొత్త కఫీల్ పేరు మీదికి మా నివాస అనుమతులు, ఇఖామాలు, ఇంకా మారలేదు. మా అందరి పాస్‌పోర్టులూ ఏదో ఆఫీసులో ఏదో బల్ల సొరుగులో ఉన్నాయి. అవి చేతికొచ్చేదాకా ఎవరూ దేశం దాటడానికి లేదు.

నాన్న ఆ ఆఫీసు చుట్టూ తిరిగాడు. వరండాలో కూర్చుని వచ్చేవాడు. రేపు రమ్మనేవారు. ఈలోగా అక్కడ అన్నీ జరిగిపోయాయి. దహనం అయింది, పెద్దకర్మా అయింది.

అమ్మ ఏడవలేదు. ఆ మధ్యాహ్నం కుడుతున్న జాకెట్టు అదే కూర్చోవడంలో పూర్తిచేసి, దారం పంటితో కొరికి, మడత పెట్టింది. ఆ సాయంత్రం నుంచి నాన్నతో మాట్లాడడం మానేసింది. అన్నం వడ్డించేది, చొక్కాలు ఇస్త్రీ చేసేది, మాట మాత్రం లేదు. చెప్పాల్సిందేమైనా ఉంటే నాతో చెప్పేది, నేను పక్కగదిలోకి వెళ్ళి చెప్పొచ్చేదాన్ని. ఒకరోజు నా జడ అల్లుతూ, వేసవి సెలవులకి ఊరెళ్ళిపోదామనీ, మళ్ళీ ఇక్కడికి రావద్దనీ అంది. నాన్న సంగతేమిటని అడిగితే, జడ చివర రిబ్బను గట్టిగా బిగించింది.

చలి బాగా దిగాక ఒక శుక్రవారం పిన్ని వచ్చింది. సాల్మియాలో ఒక ఇంట్లో పనిచేసేది. అమ్మమ్మ చెల్లెలి కూతురు. ఊరికి సెలవు మీద వెళ్ళి ఆ వారమే తిరిగొచ్చింది. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, బయటికి వెళ్ళడానికి కాసేపే ఒప్పుకుందని, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే సంచీ తెరిచింది. అరిసెల పొట్లం కింద మడత పెట్టిన పాతచీర ముక్క ఉంది. అందులో ఎండి గట్టిపడిన మరక, మరక నిండా చిన్న చిన్న గింజలు.

"దొడ్డమ్మ వంటింటి గోడకి వేలాడుతుందక్కా. ఇల్లంతా సర్దేశారు. ఇదెవరికీ అక్కర్లేదన్నారు. నేను తెచ్చేశాను."

అమ్మ ఆ గుడ్డని చేతుల్లోకి తీసుకుని వాసన చూసింది. తరవాత మాకు చెప్పింది. మనం టమాటా అనేదాన్ని అమ్మమ్మ రామములక్కాయ అనేది. ఊళ్ళో ఉన్నది బజారు టమాటా కాదు. ఉసిరికాయంత కూడా ఉండదు, నోట్లో వేసుకుంటే పులుపుతో చెవులు కదులుతాయి. దాన్ని ఎవరూ పెంచరు, నూతి పక్కన దానంతటదే లేస్తుంది. కాకపోతే ఏటా గోదావరి పెరట్లోకి వచ్చి ఉన్న మొక్కల్ని కడిగేసి పోతుంది. అందుకని అమ్మమ్మ ప్రతి వేసవిలో బాగా పండిన కాయలు ఏరి, రసంతో సహా గుడ్డకి పులిమి ఎండబెట్టేది. వరద తీశాక ఆ గింజలు రాల్చి ఒండ్రు మీద చల్లేది. వాళ్ళమ్మా అలాగే చేసేదట. ఇది అమ్మమ్మ చివరి వేసవిలో పులిమిన గుడ్డ, ఆ ఏడు చల్లకుండానే పోయింది.

ఆ గింజలు మొలిపించాలని అమ్మ ఎందుకనుకుందో నాకు అప్పుడు తెలీదు. పాలపొడి డబ్బాలకి మేకుతో చిల్లులు పొడిచింది. వీధి చివర కొట్టువాడి దగ్గర పూలకుండీల మట్టి సంచీ కొంది. గుడ్డలో ఒక మూల తడిపి, గింజలు వదులు చేసి, వేలి కొసతో నాటింది. డబ్బాలు కిటికీ గట్టు మీద పెట్టింది.

ఏమీ రాలేదు. తమ్ముడూ నేనూ బడి నుంచి రాగానే డబ్బాల మీదికి వంగి చూసేవాళ్ళం. వాడు ఊరుకోలేక అగ్గిపుల్లతో మట్టి తవ్వి గింజ బయటికి తీశాడు. అది మెత్తబడి నల్లగా అయిపోయింది. అమ్మ వాడి వీపు మీద ఒకటి వేసి, మిగతావీ తవ్వి చూసింది. అన్నీ అంతే. ఊళ్ళో వరద తీసేనాటికి నేల వెచ్చగా ఉంటుంది. ఇక్కడ ఆ కిటికీ గట్టు రాత్రిళ్ళు చేయి పెట్టలేనంత చల్లబడేది. ఆ తేడా అమ్మకి తట్టలేదు. మళ్ళీ వేసింది, అవీ కుళ్ళిపోయాయి. నాన్న ఎక్కడో నర్సరీలో బొమ్మ ముద్రించిన టమాటా విత్తనాల పొట్లం కొనుక్కొచ్చి పొయ్యి గట్టు మీద పెట్టి వెళ్ళాడు. అది చలికాలమంతా అక్కడే ఉంది. అమ్మ దాన్ని తీయనూ లేదు, పారేయనూ లేదు.

మా ఇంటికి శుక్రవారాలు వచ్చే మనిషి ఇంకొకరుండేవారు. జగిత్యాల దగ్గరి పల్లెటూరాయన. నాన్నా ఆయనా మొదటిసారి ఒకే విమానంలో పక్క పక్క సీట్లలో వచ్చారట, ఆ స్నేహం. అమ్మని అక్కా అనేవాడు, అందుకని మాకు మావయ్య. కబ్ద్ ఎడారిలో తన కఫీల్ తోట చూసేవాడు. తోట అంటే గొర్రెల కొట్టాలు, నీళ్ళ ట్యాంకు, చలికాలంలో నాలుగు మళ్ళ కూరాకు. ఆయన వస్తే గదిలోకి పొగ వాసన, ఉన్ని వాసన వచ్చేవి. అమ్మ డబ్బాలు చూపించి ఏం చేయాలని అడిగింది. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి డబ్బాలో మట్టి తాకి చూశాడు.

"నాకేం ఎర్కలేదక్కా. గొర్ల ఎంబడి తిరిగెటోన్ని. మా అవ్వ సలికి ఇత్తులు మొలువకుంటె పొయ్యి పక్కకు పెట్టేది. గంతే ఎర్క."

మాది గ్యాసు పొయ్యి. వంట అయిపోతే చల్లారిపోయేది. అమ్మ ఇల్లంతా చేత్తో తడుముకుంటూ తిరిగి ఫ్రిజ్ వెనకాల వెచ్చగా ఉండే చోటు పట్టుకుంది. గుడ్డలో మిగిలిన గింజల్లో సగం తడిబట్టలో చుట్టి, సాసరులో పెట్టి అక్కడ ఉంచింది. కొద్దిరోజులకి గింజల్లోంచి తెల్లటి దారాలొచ్చాయి. అమ్మ వాటిని చీపురుపుల్లతో ఒక్కొక్కటిగా ఎత్తి డబ్బాల్లో పెట్టింది. నాన్న తలుపు దగ్గర నిలబడి చూశాడు. దగ్గరికి రాలేదు.

కిటికీలో వెలుగు చాలక మొలకలు పీలగా సాగి, తలలు వాల్చేశాయి. ఇక మేడ మీదికి తీసుకెళ్ళక తప్పలేదు. మేడ మీది తలుపు తాళం హారిస్ దగ్గర ఉండేది. ఈజిప్టు ముసలాయన, బిల్డింగు కాపలాదారు. అందరి మీదా కేకలేసేవాడు. అమ్మ తనకొచ్చిన హిందీలో, ఆయన తనకొచ్చిన హిందీలో ఏం చెప్పుకున్నారో గానీ, రెండు నీళ్ళ ట్యాంకుల మధ్య గాలి తగలని మూల ఒకటి ఇచ్చాడు.

అక్కడ మేడంతా డిష్ గొడుగులు, పావురాలు, ఆరేసిన దుస్తులు. పొద్దున్న ఎండ ఎక్కాక డబ్బాలు పైకి మోసేవాళ్ళం, పొద్దు వాలకముందే కిందికి తెచ్చేవాళ్ళం. మొదట కాసేపే ఉంచింది అమ్మ, తరవాత రోజురోజుకీ పెంచింది. కాడలు ముదిరి, ఆకులు నల్లపచ్చగా అయ్యాక నూనె డబ్బాల్లోకి మార్చి, మావయ్య తెచ్చిన గొర్రె ఎరువు కలిపి, పైనే వదిలేశాం. సాయంత్రాలు బియ్యం సంచులు చీల్చి కప్పేవాళ్ళం. పక్క చిగుళ్ళు గిల్లడం నాకు అప్పగించింది. నా వేళ్ళు పచ్చబడి, ఆ వాసనతోనే అన్నం తినేదాన్ని.

పసుపు పూలొచ్చాయి. వచ్చినవి వచ్చినట్టు రాలాయి. చలికి పిందె పట్టడం లేదని మావయ్య అన్నాడు, అదీ ఊహే. మధ్యాహ్నం ఎండలో పూల వెనక వేలితో మెల్లగా తట్టమంది అమ్మ. ఆ మేడ మీద ఎక్కడా తేనెటీగ లేదు. తట్టగా తట్టగా ఒక పూవు ఎండి, రాలకుండా నిలబడింది. దాని మొదట్లో కందిగింజంత పచ్చటి పిందె. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని చూపించింది. చాలా రోజుల తరవాత ఆమె ముఖం కొంచెం తేటపడింది.

పిందెలు అంతకంతకీ పట్టాయి. కాయలు ఇంకా పచ్చిగానే ఉండగా ఒక సాయంత్రం హారిస్ పైకొచ్చాడు. ట్యాంకులు మార్చడానికి యజమాని మనుషులు మర్నాడు పొద్దున్నే వస్తున్నారట. మేడ మీద ఏమీ ఉండకూడదు. అమ్మ బతిమాలింది. ఆయన డబ్బాల వైపు చూడకుండా, "ఖలాస్, మదామ్," ఇక అంతేనని చెప్పి దిగిపోయాడు. నిజానికి ఆయన చేతిలో ఏమీ లేదు. మా రెండు గదుల్లో పక్క పరుచుకున్నాక కాలు పెట్టడానికే చోటుండేది కాదు. మొక్కలు అప్పటికి నా భుజాల ఎత్తున్నాయి.

అమ్మ వంటింట్లో నాతో చెప్పింది, పొద్దున్నే అన్నీ పీకేద్దామని. గొంతు మామూలుగానే ఉంది. పక్కగదిలో నాన్న టీ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది, ఆ వెంటనే చెప్పుల చప్పుడు మెట్లు దిగింది. కింద కొట్టులోంచి కబ్ద్‌కి ఫోన్ చేశాడని తరవాత తెలిసింది.

తెల్లారి మేం లేచేసరికి, సంతలో గొర్రెల్ని దింపి కబ్ద్‌కి వెనక్కి పోతున్న పికప్ బండి మా మేడ ముందు ఆగి ఉంది. నాన్న ఒక్కో డబ్బా గుండెకి ఆనించుకుని మెట్లు దిగుతున్నాడు. కొత్త కఫీల్ దగ్గర సెలవు అన్న మాట ఎత్తడానికే భయపడే రోజులవి. డబ్బాలన్నీ బండి వెనక భాగంలో పెట్టాక, అవి పడిపోకుండా మధ్యలో తనే కూర్చున్నాడు. రెండు కాళ్ళూ చాపి కొన్నిటిని ఆపాడు, రెండు చేతులూ చాచి మిగతావాటిని పట్టుకున్నాడు. తలకి తువ్వాలు చుట్టుకున్నాడు. గొర్రెలు తొక్కిన గడ్డి మీద, ఆ చలిగాలిలో, కబ్ద్ దాకా అలాగే వెళ్ళాడు. అమ్మ మెట్ల కిటికీలోంచి చూసింది. బండి మలుపు తిరిగాక కూడా అక్కడే ఉంది.

ఆయన తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పెదాలు పగిలి నెత్తురు కనిపిస్తోంది. ఒంటి నిండా గొర్రెల వాసన, దాని మీద టమాటా ఆకు వాసన. అమ్మ స్నానానికి నీళ్ళు కాచి బకెట్టు ముందు పెట్టింది. మాట లేదు.

తరవాతి రోజుల్లో మాత్రం, "మీ నాన్నగార్ని అడగవే, మొక్కలెలాగున్నాయో," అనేది. నేను వెళ్ళి అడిగేదాన్ని. నాన్న గోడ అవతల అమ్మకి వినబడేలా నాకు జవాబు చెప్పేవాడు. దుమ్ముగాలికి రెండు విరిగాయట. ఒకటి మేక తినేసిందట. మిగతావి కొట్టం గోడ వారన ఎండ తగిలే వైపు పెట్టారట. రాత్రిళ్ళు మావయ్య తన దుప్పట్లలో ఒకటి వాటికి కప్పుతున్నాడట.

చలి పూర్తిగా పోయి, ఎండ ఇంకా మండని రోజుల్లో ఒక శుక్రవారం మమ్మల్ని రమ్మన్నాడు మావయ్య. నేను అంతకుముందు ఎడారి చూడలేదు. రోడ్డుకి రెండు పక్కలా ఆ ఏటి వానకి లేచిన గడ్డి అప్పటికే ఎండి తెల్లబడుతోంది. కొట్టం దగ్గర కర్రల పొయ్యి వెలుగుతోంది. గొర్రెలు అరుస్తున్నాయి. తమ్ముడు వాటి వెనక పరిగెత్తాడు.

గోడ వారన వరసగా మా నూనె డబ్బాలు. మొక్కలు కిందాకులు ఎండిపోయి చూడ్డానికి బాలేవు. కానీ కాయలు పండాయి. గుత్తులు గుత్తులుగా, మట్టి దుమ్ము కింద ఎర్రగా. అమ్మ ఒకటి తెంపి, చీర చెంగుతో తుడిచి నోట్లో పెట్టుకుంది. కొరికింది. అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

అప్పుడు ఏడ్చింది. ముఖం కప్పుకోలేదు. నోరు తెరిచి, చిన్నపిల్లలా, అమ్మా అమ్మా అంటూ ఏడ్చింది. నేను భయపడి దగ్గరికి వెళ్ళబోతే మావయ్య నా భుజం పట్టుకుని ఆపాడు. "ఏడ్వనీ బిడ్డా," అని నన్ను పొయ్యి దగ్గరికి తీసుకుపోయాడు. నాన్న మాత్రం కొంచెం ఎడంగా ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏడుపు నెమ్మదించాక అమ్మ ఆయన వైపు తిరిగింది. నాకు వినబడేంత దూరంలోనే ఉన్నారు.

"మా అమ్మ మొహం చూడనివ్వలేదు మీరు."

"అవును," అన్నాడు నాన్న. "అడగాల్సినంత గట్టిగా నేను అడగలేదు. ఉన్న పని కూడా పోద్దేమోనని భయమేసింది."

అమ్మ సరే అనలేదు. లేచి, ముఖం కడుక్కుని, కాయలు కోయడం మొదలుపెట్టింది. కాసేపటికి నాన్న కూడా రెండో వైపు నుంచి కోశాడు. ఆ మధ్యాహ్నం కర్రల పొయ్యి మీద రామములక్కాయ పచ్చడి చేసింది. నూనె కాగాక కాయలు వేస్తే టపటపా చిట్లాయి. ఖుబ్బూస్ తుంచుకుని అద్దుకు తిన్నాం. పులుపుకి నా చెవుల వెనక జివ్వుమంది. మావయ్య కళ్ళు మూసుకుని తిన్నాడు. తన ఊరి మాటలేవో మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. బాగా పండిన కాయలు కొన్ని అమ్మ విడిగా తీసి, తన పాతచీర చెరగు చింపి, దానికి పులిమి గోడ మీద ఎండేసింది.

వేసవికి పాస్‌పోర్టులు చేతికొచ్చాయి. నాన్న మా ముగ్గురికీ రానూపోనూ టికెట్లు తెచ్చాడు. అమ్మ వాటిని చూసి, తిరుగు టికెట్లు ఎందుకంది. నాతో కాదు, ఆయనతోనే అంది. నాన్న వాటిని పెట్టెలో పైన పెట్టాడు.

అమ్మమ్మ ఇంటికి వెళ్ళాం. తాళం తీసి, ఊడ్చి, దీపం పెట్టి, అమ్మ అక్కడ నాలుగు రోజులు గడిపింది. పక్కింటావిడ చేతికి చీర ముక్క ఇచ్చి, ఈ ఏడు వరద తీశాక పెరట్లో జల్లమని చెప్పింది. ఆ ఊళ్ళోనే మమ్మల్ని బడిలో వేసే సంగతి కూడా ఎవరితోనో మాట్లాడింది. తరవాత ఏమైందో, ఎప్పుడు మనసు మార్చుకుందో ఇప్పటికీ నాకు తెలీదు. సెలవులు అయిపోవస్తుండగా ఒక పొద్దున్న మా బట్టలు సర్దడం మొదలుపెట్టింది. వస్తున్నామని నాన్నకి కబురు పెట్టలేదు. వారం వారం వచ్చే ఫోన్లలో ఆయనా అడగలేదు. ఆయన దగ్గర ఉన్నది టికెట్టు మీది తేదీ ఒక్కటే.

కువైట్ విమానాశ్రయంలో తలుపులు తెరుచుకునేసరికి బయట పేర్లు రాసిన అట్టలు పట్టుకున్న డ్రైవర్లు, చుట్టాల కోసం వచ్చినవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. ఆ గుంపులో ఒక వారగా, స్తంభం పక్కన నాన్న నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బయటికొచ్చే ప్రతి కుటుంబాన్నీ చూస్తున్నాడు, వాళ్ళు దాటిపోగానే మళ్ళీ తలుపు వైపు చూస్తున్నాడు. తమ్ముడు పిలవబోతే అమ్మ వాడి చేయి పట్టుకుని ఆపింది. ట్రాలీ ఆపేసి, ఆయన ఇంకా మమ్మల్ని చూడక ముందే, ఆయన్ని కాసేపు చూసింది. నేనూ చూశాను.

ఆ మేడ ఇప్పుడు లేదు. కబ్ద్‌లో ఆ కొట్టం చోట పచ్చిక పరిచిన విడిది ఇళ్ళు వచ్చాయి. మావయ్య ఊరెళ్ళిపోయాక ఆయన జాడ తెలియలేదు. నాన్న పోయి కూడా కొన్నేళ్ళయింది. ఆయన ముసలితనంలో, జబ్బులో చూసిన ముఖాలెన్నో ఉన్నాయి. అయినా తలచుకోగానే నా కళ్ళ ముందుకొచ్చేది మాత్రం ఆ ఒక్కటే. రారేమో అనుకుంటూనే, వస్తున్న ప్రతి ఒక్కరినీ వెతుకుతున్న ముఖం. ఇప్పుడు నా వయసు అప్పటి ఆయన వయసు కంటే ఎక్కువ. ఆ స్తంభం పక్కన నిలబడిన మనిషి నాకిప్పుడు నాకంటే చిన్నవాడిలా కనిపిస్తాడు.